రోగులు నింపే ఆరోగ్య ప్రశ్నావళులు: విశ్వసనీయత, సప్రమాణతలపై తరచుగా అడిగే ప్రశ్నలు

థీసిస్‌కో, క్లినికల్ ట్రయల్‌కో, ఓపీలో రోజువారీ వాడకానికో ప్రశ్నావళి వెతుక్కునేవాళ్లు, ఉన్నదాన్ని మరో భాషలోకి తెచ్చుకునేవాళ్లు, కొత్తది తయారుచేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం అంటే తెలిసినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాం.

స్కాన్లు, రక్తపరీక్షలు ఉండగా రోగి చెప్పేదాన్ని కొలవడం ఎందుకు?

నొప్పి, అలసట, దిగులు, నిద్రపట్టకపోవడం లాంటివి ఏ యంత్రానికీ కనపడవు. ఎక్స్‌రేలో మోకాలు బాగా అరిగిపోయినట్టు కనిపించినా హాయిగా నడిచేవాళ్లుంటారు. ఎక్స్‌రే బాగానే ఉన్నా మెట్లెక్కలేనివాళ్లూ ఉంటారు. చికిత్స రెండో రకం మనిషికి పనిచేసిందో లేదో ఆ మనిషే చెప్పాలి. అమెరికా ఎఫ్‌డీఏ 2009లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, డాక్టరుగానీ మరొకరుగానీ తమ వ్యాఖ్యానం చేర్చకుండా రోగి నుంచి నేరుగా వచ్చిన సమాచారమే 'రోగి స్వయంగా చెప్పిన ఫలితం' అవుతుంది. నర్సు ప్రశ్న చదివి వినిపించి, జవాబును ఉన్నదున్నట్టు గుర్తిస్తే ఫర్వాలేదు. "ఈయనకు నొప్పి మధ్యస్థంగా ఉన్నట్టుంది" అని తానే తేల్చి టిక్కు పెడితే అది నర్సు అంచనా అవుతుంది.

విశ్వసనీయతకూ సప్రమాణతకూ తేడా ఏమిటి?

రోగి పరిస్థితి మారనప్పుడు స్కోరు కూడా మారకుండా ఉండటం విశ్వసనీయత. కొలుస్తున్నామని మనం అనుకుంటున్నదాన్నే నిజంగా కొలవడం సప్రమాణత. మొదటిది ఉండి రెండోది లేకపోవచ్చు: అలసట ప్రశ్నావళి అనుకున్నది నిజానికి దిగులును కొలుస్తూ ఉండొచ్చు, అదీ ప్రతిసారీ ఒకేలా. మొదటిది లేకుండా రెండోది మాత్రం నిలబడదు.

"వ్యాలిడేటెడ్ ప్రశ్నావళి వాడాం" అని రాస్తే చాలదా?

చాలదు. ఈ రంగంలో ఎక్కువగా దుర్వినియోగమయ్యే వాక్యం బహుశా ఇదే. సప్రమాణత కాగితం మీద వేసే ముద్ర కాదు. ఫలానా రోగుల్లో, ఫలానా భాషలో, ఫలానా పనికి వచ్చిన స్కోర్లకు ఉండే గుణం అది. తుంటి మార్పిడి చేయించుకున్న వృద్ధుల్లో బాగా పనిచేసిన ప్రశ్నావళి, క్రీడల్లో గాయపడిన ఇరవై ఏళ్లవాళ్ల దగ్గర చేతులెత్తేయొచ్చు. స్క్రీనింగ్‌కు సరిపోయినంత మాత్రాన నెలనెలా మార్పును పట్టడానికి సరిపోదు. కాబట్టి ఎవరిలో, ఏ భాషలో, ఏ వాడకానికి, ఏ గుణం పరీక్షించారో, ఎంత వచ్చిందో రాయండి. మీ రోగులు ఆ కోవలోకి రాకపోతే ఆ ఖాళీని మీరే పూరించాలి.

ఏ గుణాన్ని ముందు పరీక్షించాలి?

ఈ ప్రశ్నావళుల నాణ్యతను అంచనా వేయడానికి అంతర్జాతీయంగా వాడే కాస్మిన్ పద్ధతిలో వరుస స్పష్టంగా ఉంది. మొదట విషయ సప్రమాణత, అంటే ప్రశ్నల్లో ఉండాల్సింది ఉందా లేదా. తర్వాత అంతర్గత నిర్మాణం: కారక విశ్లేషణ (ఏ ప్రశ్నలు ఏ గుంపుగా కలిసి నడుస్తున్నాయో తేల్చే లెక్క), అంతర్గత పొందిక, వేర్వేరు భాషల, వర్గాలవాళ్లలో ఒకేలా పనిచేస్తోందా. ఆ తర్వాతే పునఃపరీక్ష విశ్వసనీయత (అదే రోగికి మళ్లీ ఇస్తే అదే స్కోరు వస్తోందా), కొలత దోషం, ఇతర స్కేళ్లతో సంబంధం, మార్పును పట్టే శక్తి. చాలామంది ఆల్ఫా (అంతర్గత పొందికకు వాడే గుణకం) కట్టడంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. దానికి కారణం సాఫ్ట్‌వేర్‌లో అది ఒక్క క్లిక్కుతో వచ్చేయడమే.

విషయ సప్రమాణతను అంకెల్లో చూపలేం కదా, ఎలా పరీక్షించాలి?

మూడు సంగతులు తేలాలి. ప్రతి ప్రశ్నా ఈ జబ్బుకు, ఈ రోగులకు సంబంధించినదేనా? ముఖ్యమైనదేదైనా వదిలేశామా? రోగికి అర్థమవుతున్నది మనం అడగాలనుకున్నదేనా? నిపుణుల చేత 1 నుంచి 4 వరకు మార్కులు వేయించి సూచిక కట్టడం మంచిదే. కానీ అది మొదటి రెండింటికే, అదీ నిపుణుల వైపు నుంచే జవాబిస్తుంది. మూడోది రోగుల దగ్గరే తేలుతుంది.

దానికి కాగ్నిటివ్ ఇంటర్వ్యూ చేయాలి. రోగి ఒక్కో ప్రశ్నా చదువుతూ మనసులో అనుకున్నదంతా పైకి చెప్పాలి. ఆ తర్వాత మీరు "ఈ ప్రశ్నను మీ మాటల్లో చెప్పండి", "ఏ రోజుల్ని గుర్తుచేసుకుని ఈ జవాబిచ్చారు?", "'కొన్నిసార్లు' అంటే మీ లెక్కలో వారానికి ఎన్నిసార్లు?" అని అడగాలి. "అర్థమైందా?" అని మాత్రం అడగకండి, అందరూ అయిందనే అంటారు.

ఒక ఉదాహరణ చూడండి. ప్రశ్న: "గత 4 వారాల్లో నొప్పి మీ పనికి ఎంత తరచుగా అడ్డొచ్చింది?" ఉద్యోగ విరమణ చేసిన రోగి "అసలు లేదు" అని గుర్తిస్తాడు. కారణం అడిగితే "నాకిప్పుడు పనేముంది?" అంటాడు. మరొకరూ "అసలు లేదు" అనే గుర్తిస్తారు. అడిగితే, నొప్పి వల్ల పని మానేసి మూడు నెలలైందనీ, ఇక అడ్డురావడానికి పనే లేదనీ తెలుస్తుంది. డేటా షీట్‌లో ఇద్దరిదీ సున్నానే, ఇద్దరూ నొప్పి లేనివాళ్లే. ఏ ఆల్ఫా, ఏ ఐసీసీ (పునఃపరీక్షలో రెండు స్కోర్లు ఎంత కలిశాయో చెప్పే గుణకం) ఈ తప్పును పట్టదు.

ఇంటర్వ్యూలు చిన్న చిన్న విడతలుగా చేసి, విడత విడతకూ ప్రశ్నలు సవరించుకుంటూ, కొత్త ఇబ్బందులు బయటపడటం ఆగేదాకా కొనసాగించాలి. తక్కువ చదువుకున్నవాళ్లు, జబ్బు బాగా ముదిరినవాళ్లు అందులో తప్పకుండా ఉండాలి. "నడవడంలోనూ మెట్లెక్కడంలోనూ ఇబ్బంది ఉందా?" లాంటి జంట ప్రశ్నలు మొదటి విడతలోనే దొరికిపోతాయి. నడవగలిగి మెట్లెక్కలేని మనిషి పెన్ను పట్టుకుని ఆగిపోతాడు.

క్రాన్‌బాక్ ఆల్ఫా 0.90 వచ్చింది. ప్రశ్నావళి నమ్మదగినదేనా?

అంత మాట అనలేం. 1951 నుంచి వాడుకలో ఉన్న ఈ గుణకం ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెబుతుంది. అయితే ప్రశ్నల సంఖ్య పెంచితే చాలు, అదీ పెరుగుతుంది. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం 0.30 అనుకోండి. 5 ప్రశ్నలుంటే ఆల్ఫా 0.68, 10 ఉంటే 0.81, 20 ఉంటే 0.90. ప్రశ్నలేమీ మెరుగవలేదు, జాబితా పొడవైందంతే.

0.70 నుంచి 0.95 మధ్య ఉంటే సాధారణంగా సరేనంటారు. 0.95 దాటితే ఒకే ప్రశ్నను మాటలు మార్చి మార్చి అడుగుతున్నారేమో చూడండి. ఆల్ఫా హఠాత్తుగా 0.40కి పడిపోతే జబ్బుకంటే ముందు కోడింగ్‌ను అనుమానించండి: "నేను హుషారుగా ఉన్నాను" లాంటి తిరగేసిన ప్రశ్న స్కోరును తారుమారు చేయడం మరిచిపోయి ఉంటారు. ఆ ప్రశ్నకు మిగతావాటితో రుణాత్మక సహసంబంధం కనిపిస్తే అదే కారణం.

ఇంకో మాట. ఆల్ఫా ఎక్కువ వచ్చిందని ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయని కాదు. ఏకముఖత్వాన్ని ముందు కారక విశ్లేషణతో తేల్చుకుని, ఆపైన ఒక్కో ఉపస్కేలుకు (ఒకే విషయాన్ని అడిగే ప్రశ్నల గుంపుకు) విడిగా ఆల్ఫాగానీ, అలాంటిదే అయిన ఒమేగా గుణకంగానీ కట్టాలి. నాలుగు ఉపస్కేళ్లు కలిపి ఒకే ఆల్ఫా ఇస్తే దానికి అర్థం లేదు.

ఆల్ఫా అసలు వర్తించని ప్రశ్నావళులు ఉంటాయా?

ఉంటాయి. కీమోథెరపీ దుష్ప్రభావాల జాబితానే తీసుకోండి: వాంతులు, జుట్టు రాలడం, చేతులు తిమ్మిరెక్కడం. ఇవన్నీ లోపలున్న ఒకే గుణం తాలూకు ప్రతిఫలాలు కావు, ఇవి కలిసే మొత్తం భారం తయారవుతుంది. వాంతులున్నవాళ్లకు తిమ్మిరి కూడా ఉండాలన్న నియమమేమీ లేదు. ఇలాంటి జాబితాకు ఆల్ఫా తక్కువ రావడం లోపం కాదు. ఆల్ఫా పెంచాలని "జుట్టు రాలడం" తీసేస్తే రోగికి బాధ కలిగించేదాన్నే తీసేసినట్టవుతుంది. ఇక్కడ పునఃపరీక్షే ఆధారం.

పునఃపరీక్షకు ఎన్ని రోజుల ఎడం ఉండాలి?

రోగి తన పాత జవాబులు మరిచిపోయేంత ఎక్కువ, జబ్బు మారిపోనంత తక్కువ. చాలా దీర్ఘవ్యాధులకు రెండు వారాలు నడుస్తుంది. రోజురోజుకూ మారే లక్షణాలకు ఒకటి రెండు రోజులే కావాలి. ప్రశ్న అడిగే కాలవ్యవధిని కూడా చూసుకోండి. "గత 4 వారాల్లో" అని అడిగే ప్రశ్నావళిని వారానికే మళ్లీ ఇస్తే రెండు జవాబుల్లో మూడు వారాలు ఉమ్మడిగా ఉంటాయి.

రెండోసారి "గతసారి నింపినప్పటికీ ఇప్పటికీ మీ పరిస్థితిలో మార్పేమైనా ఉందా?" అని తప్పకుండా అడగండి. లేదన్నవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలి. చెడేది సాధారణంగా ఇక్కడే: మధ్యలో కొత్త మందు మొదలవుతుంది, మొదటిసారి క్లినిక్‌లో నింపినది రెండోసారి ఇంట్లో కొడుకో కూతురో నింపేస్తారు, కాగితం పోయి ఫోన్ వస్తుంది. అప్పుడు వచ్చిన తేడా ప్రశ్నావళిదో పరిస్థితులదో చెప్పలేం.

రెండు స్కోర్ల మధ్య పియర్సన్ సహసంబంధం కడితే సరిపోదా?

సరిపోదు. అందరి స్కోరూ రెండోసారి సరిగ్గా 10 పాయింట్లు పెరిగితే పియర్సన్ గుణకం 1.00 వస్తుంది. కొలత మాత్రం మారిపోయింది. అందుకే ఐసీసీ వాడాలి, అందులోనూ ద్విమార్గ నమూనాలో (రోగుల మధ్య తేడానూ, రెండు సార్ల మధ్య తేడానూ విడదీసి చూసేది) సంపూర్ణ ఏకీభావం రకం. స్కోర్ల ప్రామాణిక విచలనం 20 అనుకుంటే పైన చెప్పిన 10 పాయింట్ల జరుగుడుకు ఈ రకం ఐసీసీ 0.89కి తగ్గుతుంది. "పొందిక" రకం ఎంచుకుంటే మళ్లీ 1.00 చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆరేడు రకాల ఐసీసీలు పక్కపక్కన చూపిస్తుంది కాబట్టి ఏది తీసుకున్నారో నివేదికలో రాయాలి. అవును-కాదు జవాబులకు కప్పా (యాదృచ్ఛికంగా కలిసేదాన్ని తీసేసి ఏకీభావం చెప్పే గుణకం), వరుస క్రమంలో ఉండే జవాబులకు పెద్ద తేడాలను ఎక్కువ తప్పుగా లెక్కించే భారిత కప్పా వాడాలి.

గుంపులను పోల్చడానికి కనీసం 0.70 అడుగుతారు. ఒక్కో రోగి విషయంలో నిర్ణయం తీసుకోవాలంటే 0.90 దరిదాపుల్లో ఉండాలి.

వేరే అధ్యయనంలో 0.84 వచ్చిన ఐసీసీ మాకు 0.36 ఎందుకు వచ్చింది?

ముందు మీ శాంపిల్ చూడండి. రోగుల మధ్య ఉన్న తేడాల్లో కొలత దోషం పోగా మిగిలే వాటానే ఐసీసీ. 100 పాయింట్ల స్కేలులో కొలత దోషం 8 పాయింట్లు అనుకుందాం. తేలికపాటి నుంచి తీవ్రం దాకా అన్ని రకాల రోగులున్న చోట ప్రామాణిక విచలనం 20 ఉంటుంది. 64ను 400తో భాగించి 1లోంచి తీసేస్తే 0.84. అందరూ ఇంచుమించు ఒకే తీవ్రతలో ఉన్న వార్డులో ప్రామాణిక విచలనం 10 అయితే 64ను 100తో భాగించాలి, 0.36 మిగులుతుంది. ప్రశ్నావళి అదే, దోషం అంతే. అందువల్ల ఐసీసీ పక్కన కొలత దోషాన్ని కూడా పాయింట్లలో చెప్పాలి.

ఆ కొలత దోషాన్ని ఎలా కట్టాలి? దానితో పనేమిటి?

1లోంచి ఐసీసీ తీసేసి, వర్గమూలం కట్టి, ప్రామాణిక విచలనంతో గుణించండి. 20 × 0.4 = 8. దీన్ని ఎస్‌ఈఎం అంటారు. దాన్ని 1.96తోనూ, 2 వర్గమూలంతోనూ గుణిస్తే 22.2 వస్తుంది. ఇది ఎస్‌డీసీ, అంటే ఒక రోగిలో కొలత దోషాన్ని మించిన నిజమైన మార్పు అని 95 శాతం నమ్మకంతో చెప్పగల కనీస మార్పు.

కాబట్టి స్కోరు ఎక్కువుంటే ఎక్కువ బాధ అనే స్కేలులో మీ రోగి స్కోరు 55 నుంచి 40కి దిగితే సంతోషించే ముందు ఆగండి. 15 పాయింట్లు ఈ ప్రశ్నావళిలో ఊరికే ఊగిసలాటలో కూడా రావచ్చు. గుంపు సగటుకు మాత్రం ఈ హద్దు రోగుల సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది: 64 మందికైతే 22.2ను 8తో భాగించాలి, 2.8 చాలు. ట్రయల్‌లో చక్కగా పనిచేసే ప్రశ్నావళి ఓపీలో ఒక్క మనిషి దగ్గర ఎందుకు తడబడుతుందో ఈ లెక్కే చెబుతుంది. బ్లాండ్-ఆల్ట్‌మన్ గ్రాఫ్ (ప్రతి రోగికీ రెండు స్కోర్ల సగటుకు ఎదురుగా వాటి తేడాను చూపేది) కూడా గీయండి. దోషం స్కేలు పొడవునా ఒకేలా ఉందా, ఒక చివర పెరుగుతోందా అన్నది అందులో కంటికే కనిపిస్తుంది.

కారక విశ్లేషణ అన్వేషణాత్మకమా, నిర్ధారణాత్మకమా?

ప్రశ్నలు ఎలా గుంపులవుతాయో డేటానే చెప్పనిచ్చేది అన్వేషణాత్మకం, ముందే అనుకున్న గుంపులు డేటాకు సరిపోతున్నాయా అని చూసేది నిర్ధారణాత్మకం. నిర్మాణం ముందే తెలిసిన ప్రశ్నావళికి నిర్ధారణాత్మకం. నమూనా డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే సూచికల్లో సీఎఫ్‌ఐ 0.95 పైన, ఆర్‌ఎంఎస్‌ఈఏ 0.06 లోపు, ఎస్‌ఆర్‌ఎంఆర్ 0.08 లోపు ఉంటే నమూనా సరిపోయిందంటారు. జవాబులు నాలుగైదు మెట్లే అయితే వాటిని వరుస డేటాగా భావించే పద్ధతి ఎంచుకోండి. నమూనా సరిపోలేదని సాఫ్ట్‌వేర్ సూచించిన దోష సహసంబంధాలన్నీ (రెండు ప్రశ్నల దోషాలు కలిసి నడుస్తాయని ఒప్పుకోవడం) ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతే ఏదైనా సరిపోతుంది. అలా కలిపిన ప్రతిదానికీ ప్రశ్నల అర్థంలోంచి కారణం చూపాలి.

ఇతర స్కేళ్లతో సహసంబంధం పి విలువ 0.01 కంటే తక్కువ వచ్చింది. నిర్మాణ సప్రమాణత రుజువైనట్టేనా?

కాదు. నిర్మాణ సప్రమాణత అంటే, కొలిచే విషయం గురించి మనకు తెలిసినదానికి తగ్గట్టుగా స్కోర్లు ప్రవర్తించడం. పి విలువ మాత్రం అంత సహసంబంధం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశాన్నే చెబుతుంది: 300 మంది ఉంటే 0.15 సహసంబంధానికి కూడా అలాంటి పి విలువ వస్తుంది. చూడాల్సింది పరిమాణం, దిశ. డేటా చూడకముందే ఊహలు రాసి పెట్టుకోవాలి: ఒకే విషయాన్ని కొలిచే స్కేలుతో 0.50 లేదా ఎక్కువ, దగ్గరి విషయంతో 0.30-0.50, సంబంధం లేనిదానితో 0.30 లోపు. తెలిసిన గుంపుల మధ్య తేడాను కూడా ఎన్ని పాయింట్లు ఉండాలో ముందే చెప్పాలి. ఊహల్లో కనీసం 75 శాతం నిజమైతే ఫలితం బాగుందంటారు.

పోల్చే స్కేలు నాణ్యత కూడా చూడండి. రెండు స్కేళ్ల విశ్వసనీయతలు 0.70, 0.80 అయితే, అవి కొలిచేది అచ్చంగా ఒకటే అయినా వాటి మధ్య సహసంబంధం 0.75 దాటుతుందని ఆశించలేం. 0.90 వస్తుందని ఊహ రాసుకుంటే అది ఓడిపోయేది ముందే ఖాయం.

కటాఫ్ మార్కు ఉన్న స్క్రీనింగ్ ప్రశ్నావళిని ఎలా అంచనా వేయాలి?

ఇక్కడ డాక్టరు చేసే నిర్మాణాత్మక ఇంటర్వ్యూ లాంటి ప్రామాణిక నిర్ధారణ ఉంటుంది కాబట్టి సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో ఎంతమందిని పట్టింది), స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో ఎంతమందిని సరిగ్గా వదిలేసింది), ఆర్‌ఓసీ వక్రం (అన్ని కటాఫ్‌ల దగ్గరా ఈ రెండింటినీ కలిపి చూపే గీత) కింది వైశాల్యం కట్టాలి. వైశాల్యం కనీసం 0.70 ఉండాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ప్రశ్నావళి స్కోరు తెలియకూడదు.

డిప్రెషన్‌కు వాడే పీహెచ్‌క్యూ-9 చూడండి: 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0-3, మొత్తం 27. 2001 నాటి మూల అధ్యయనంలో 10 మార్కుల కటాఫ్ దగ్గర సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ రెండూ 88 శాతం. ఇంత బాగున్నా, 1000 మందిలో 100 మందికే డిప్రెషన్ ఉన్న చోట 88 మంది అసలైనవాళ్లు దొరికితే, జబ్బు లేని 108 మంది కూడా కటాఫ్ దాటుతారు. దాటినవాళ్లలో సగం కంటే తక్కువమందికే డిప్రెషన్ ఉన్నట్టు. స్క్రీనింగ్ స్కోరునే రోగనిర్ధారణగా రాసేస్తే వచ్చే ఇబ్బంది ఇదే.

మార్పును పట్టే శక్తి అంటే? ఎంఐసీ ఎలా కనుక్కోవాలి?

చికిత్సకు ముందు, తర్వాత స్కోర్లతో టి-పరీక్ష చేసి తేడా ఉందనడం చికిత్స గురించి చెబుతుంది, ప్రశ్నావళి గురించి కాదు. స్కోరులో మార్పును మరో స్వతంత్ర కొలతలో మార్పుతో పోల్చాలి. ఎంఐసీ, అంటే రోగికి లెక్కలోకి వచ్చే కనీస మార్పు, కనుక్కోవడానికి "చాలా మెరుగు" నుంచి "చాలా దిగజారింది" దాకా ఉన్న ఒక ప్రశ్నను ఆధారంగా పెట్టుకుంటారు. ఆ ప్రశ్నకూ స్కోరు మార్పుకూ సహసంబంధం 0.30 కూడా లేకపోతే ఎంఐసీ కట్టకండి. ఆరు నెలల కిందటి తన పరిస్థితిని ఎవరూ సరిగ్గా గుర్తుపెట్టుకోరు, ఇప్పుడెలా ఉందన్నదాన్ని బట్టే జవాబిస్తారు. తక్కువ వ్యవధే మేలు.

ఎంఐసీ 10, ఎస్‌డీసీ 22 అని వస్తే ఆ ప్రశ్నావళి రోగికి ముఖ్యమైన మార్పును ఒక్క మనిషిలో గుర్తించలేదు. ఈ రెండూ ఒకటేనని కొన్ని వ్యాసాల్లో కలిపేస్తుంటారు, జాగ్రత్త.

సగంమంది పూర్తి మార్కుల దగ్గరే ఉన్నారు. ఇబ్బందా?

పెద్ద ఇబ్బందే. అత్యధిక లేదా అత్యల్ప స్కోరు దగ్గర 15 శాతానికి మించి ఉంటే పైకప్పు లేదా నేల ప్రభావం ఉందంటారు. వాళ్లు ఇంకా మెరుగైనా స్కోరు కదలదు. కష్టమైన పనుల గురించి ప్రశ్నలు చేర్చాలి, లేదా వేరే ప్రశ్నావళి చూసుకోవాలి.

మరో భాషలోకి తెచ్చేటప్పుడు ఏం చేయాలి?

ముందు హక్కుదారుల అనుమతి. తర్వాత ఇద్దరు విడివిడిగా అనువదించాలి, ఒకరికి వైద్య విషయం తెలిసి ఉండాలి, మరొకరికి తెలియకపోవడమే మంచిది. రెండింటినీ కలిపి ఒకటి చేయాలి. మూలం చూడని ఇద్దరు దాన్ని వెనక్కి అనువదించాలి. నిపుణుల సంఘం అన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. చివరగా 30-40 మంది రోగుల దగ్గర పరీక్షించాలి. వెనక్కి అనువాదం మూలంతో అచ్చంగా కలిసిందని మురిసిపోకండి. మాటకు మాట దించిన కృతకమైన అనువాదమే వెనక్కి చక్కగా వెళుతుంది.

మాటలకంటే పనులే ఎక్కువ చిక్కు పెడతాయి. సాధారణ ఆరోగ్యాన్ని కొలిచే ఎస్‌ఎఫ్-36 ప్రశ్నావళి మూలంలో మధ్యస్థ శ్రమకు ఉదాహరణలుగా వాక్యూమ్ క్లీనర్ నెట్టడం, బౌలింగ్, గోల్ఫ్ ఉన్నాయి. ఇవేవీ చేయని చోట రోగి "చేయలేను" అని గుర్తిస్తే అది ఆరోగ్యం సంగతి కాదు. అంతే శ్రమ పడే వేరే పని పెట్టాలి. అనువాదం తర్వాత, రెండు భాషల రోగుల్లో అసలు ఆరోగ్యం సమానంగా ఉన్నా ఏదైనా ప్రశ్నకు జవాబు వేరుగా వస్తోందా అని డీఐఎఫ్ విశ్లేషణతో చూడాలి.

ఎంతమంది రోగులు కావాలి?

పునఃపరీక్షకు కనీసం 50, వీలైతే 100. కారక విశ్లేషణకు ప్రశ్నల సంఖ్యకు 7 రెట్లు, అదీ 100కు తగ్గకుండా. రాష్ నమూనాకు (ప్రశ్నల కష్టాన్నీ రోగుల స్థాయినీ ఒకే కొలబద్ద మీద పెట్టే గణిత నమూనా) 200. రెండోసారి రానివాళ్లు, మధ్యలో మారిపోయినవాళ్లు పోను ఇంతమంది మిగలాలి.

ఖాళీగా వదిలేసిన జవాబులను ఏం చేయాలి?

ఆ ప్రశ్నావళి మాన్యువల్ చెప్పింది చేయండి. ఎస్‌ఎఫ్-36 లాంటివాటిలో ఉపస్కేలులో కనీసం సగం ప్రశ్నలకు జవాబుంటే, మిగతావాటి స్థానంలో ఆ రోగి సగటే పెడతారు. అంతకంటే ముందు ఏ ప్రశ్న ఎక్కువగా ఖాళీగా ఉందో చూడండి. లైంగిక జీవితం గురించిన ప్రశ్నో, పేజీ వెనక వైపున్న ప్రశ్నో అయి ఉంటుంది. రెండోదానికి మందు ప్రింటర్ దగ్గరే ఉంది.

కాగితం ప్రశ్నావళిని ఫోన్‌లో పెట్టవచ్చా? కొన్ని ప్రశ్నలు తీసేయవచ్చా?

మాటలు మార్చకుండా, తెర మీద ఒక్కో ప్రశ్నా చూపడం లాంటి చిన్న మార్పయితే కొద్దిమందితో వాడి చూసి, కాగ్నిటివ్ ఇంటర్వ్యూ చేస్తే చాలు. నొప్పి ఎంతుందో గుర్తు పెట్టమనే 100 మి.మీ. గీతను చిన్న తెర మీద కుదించడం, చదివేదాన్ని వినిపించేదిగా మార్చడం అంతకంటే పెద్ద మార్పులు, స్కోర్లు సమానమేనా అని పరీక్షించాలి. ప్రశ్నలు తీసేస్తే అది వేరే ప్రశ్నావళి. పాత ఆల్ఫా, పాత కటాఫ్, పాత ఎంఐసీ ఏవీ దానికి చెల్లవు, అనుమతి కూడా మళ్లీ తీసుకోవాలి.

అధ్యయనం మధ్యలో ఎవరైనా చనిపోవాలనిపిస్తోందని గుర్తిస్తే?

పీహెచ్‌క్యూ-9 తొమ్మిదో ప్రశ్న అడిగేది అదే. సున్నా కాకుండా ఏది గుర్తించినా అదే రోజు ఎవరు చూడాలో, రోగితో ఎవరు మాట్లాడాలో, ఏ డాక్టరుకు చెప్పాలో ప్రొటోకాల్‌లో ముందే రాసి ఉండాలి. కాగితాలు పోగుచేసి నెలాఖరున డేటా ఎక్కించే పద్ధతి పెట్టుకుంటే ఈ జవాబు అప్పటిదాకా ఎవరి కంటా పడదు. కాబట్టి నింపిన కాగితం తీసుకునే మనిషే, రోగి అక్కడ ఉండగానే, ఆ గడి చూడాలి. ఫోన్‌లో అయితే వెంటనే హెచ్చరిక వెళ్లే ఏర్పాటు, అది అందుకునే మనిషి, ఆ మనిషి సెలవులో ఉంటే చూసుకునే మరో మనిషి, ఈ మూడూ ముందే ఖరారై ఉండాలి.